మన ప్రార్థన సహవాసం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఈ ఏడాది గృహకూడికల్లో ప్రభువు రెండో రాకడ గురించి చెప్పే మత్తయి 24, 25 అధ్యాయాలు ధ్యానించాం. రెండూ కలిపి 97 వచనాలు. రోజుకు పది చదివితే పది రోజుల పని. చాలామంది 24 దగ్గరే ఆగుతున్నారు. యుద్ధాలు, కరువులు, భూకంపాల మాట అక్కడుంది మరి. సిద్ధపాటు ఎట్లుండాలో చెప్పేది 25. అందుకే ఇకమీదట రెండూ విడదీయకుండా చదవాలి.

సెప్టెంబర్ 23, 24 తేదీల్లో సంఘం ఎత్తబడుతుందని, అంటే విశ్వాసులను ప్రభువు పైకి తీసుకుపోతాడని, దక్షిణాఫ్రికాలో మొదలైన వీడియో బతుకమ్మ సెలవుల్లో మన ఫోన్లలోకీ వచ్చింది. ఇట్లాంటిది పాతదే. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబర్ 22న ప్రభువు వస్తాడని నమ్మారు. కొందరు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. అంతకు చాలా ముందే, తొలినాటి థెస్సలొనీక సంఘంలో కొందరు పని మానుకొని తిరుగుతుంటే, పనిచేయని వాడు తినకూడదని పౌలు రాశాడు. రాకడ తేదీ చెప్పే సందేశం గ్రూపులో ఎవరు పెట్టినా దాని కింద "ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదు" అనే మత్తయి 24:36 కూడా వాళ్లే టైపు చేయాలని కార్యవర్గం చెప్పింది. కొంచెం వెటకారమే గానీ, పనిచేసింది.

మొంథా తుఫాను వానకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు కూడా "ఇదే సూచన" అన్నవారున్నారు. ఆకలిగొన్న వారికి అన్నం పెట్టే మాట 25లోనే ఉందని గుర్తుచేసి, ఆ వారం కూడిక మాని వంట పెట్టుకున్నాం.

మత్తయి 25లో పదిమంది కన్యకలు దీపాలతో పెండ్లికుమారుని కోసం ఎదురుచూస్తారు, బుద్ధిగల ఐదుగురే అదనపు నూనె తెచ్చుకుంటారు. సండే స్కూల్ పిల్లల ఆ నాటికకు పది ప్రమిదలు, సిద్దెలకు (నూనె పాత్రలకు) బదులు ఐదు చిన్న చెంబులు వాడాం. ఒత్తులు లావుగా పేనడంతో నూనె తొందరగా అయిపోయి మసి పట్టింది. ఫ్యాన్లు ఆపడం మరిచాం. బుద్ధిగల కన్యకల దీపాలు కూడా ఆరిపోయాయి! ఈసారి సన్నని ఒత్తి, ఫ్యాన్లు బంద్, చున్నీలకు పిన్నులు, పక్కన బకెట్ ఇసుక. పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది: పదిమందీ కునికి నిద్రపోయారు. తేడా నిద్రలో లేదు, ముందే తెచ్చుకున్న నూనెలో ఉంది.

రాత్రి ప్రార్థన పదింటికి మొదలై నాలుగింటికి ముగుస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు పెట్టడం చట్టవిరుద్ధం, దయచేసి బతిమాలవద్దు. రెండు గంటల వేళ నిద్ర ముంచుకొస్తుంది, కాబట్టి వాక్యం పన్నెండులోపే ముగించాలి, ఒకటిన్నరకు చాయ్, ఆ తర్వాత నిలబడి పాటలు, విజ్ఞాపన. పత్తి తీసే నెలల్లో కూలికి పోయే అక్కలు తెల్లవారకముందే లేవాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు పన్నెండింటికే ముగిద్దాం.

ప్రభువు బల్ల, అంటే ఆయన మరణాన్ని జ్ఞాపకం చేసుకునే రొట్టె, ద్రాక్షారసం, "ఆయన వచ్చువరకు" అని తీసుకుంటాం. అందుకే దాని ముందు శనివారం సమాధానపడటానికి కేటాయించాం. మాటలు లేని వాళ్ల ఇంటికి ఇద్దరుగా వెళ్లండి. గుంపుగా వెళ్తే పంచాయతీ అవుతుంది. చేబదులు, చిట్టీ బాకీ ఉంటే, మొత్తం కట్టలేకపోయినా ఎప్పటికి ఇస్తారో ఎదురుగా కూర్చుని చెప్పండి. అన్నిటికంటే కష్టంగా నడిచింది ఈ పనే. బాకీ ఉన్నవారు ఆ శనివారం ఊళ్లో కనిపించరు.

2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న. తెల్లవారుజామున సమాధుల దగ్గర ప్రభువు వచ్చినప్పుడు చనిపోయిన విశ్వాసులు లేస్తారని చెప్పే 1 థెస్సలొనీకయులకు 4:13 నుంచి 18 వరకు చదువుతాం. గాలికి కొవ్వొత్తులు నిలవడం లేదు. ఇంట్లో గాజు చిమ్నీ ఉన్నవారు తీసుకురండి.