సున్నం కింద దొరికింది

ఒరే గంట వీరా,

మూడు నెలల్నించీ నీకు ఉత్తరం బాకీ, తిట్టుకో, పడతాను. అమ్మ మోకాలు పర్లేదు, చెల్లికి బరంపురం సంబంధం దాదాపు ఖాయం, మిగతావి తర్వాత. నిన్నట్నించీ ఒకటి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మన పర్లాకిమిడి హైస్కూల్ పాత బిల్డింగుకి రంగులేస్తన్నారని మావాడిని తీసుకుని ఎల్లాను. మన తొమ్మిదో క్లాసు గది లేదూ, గానుగ సున్నం గోడలు, మే నెల్లో కూడా చల్లగా ఉండేది, అక్కడ పెయింటరు రేకుతో గోడ గీకుతున్నాడు. ముందు మన కాలం నీలం రంగు, దానిమీద 'నీరబ రుహంతు' అని మనం రోజూ చూసిన ఒడియా అక్షరాలు (ఎప్పుడైనా పాటించామేట్రా?). అది రాలిపోయింది, కింద తెల్లసున్నం, ఇంకా గీకితే నల్లరంగుతో గుండ్రంగా ఏవో తేలుతున్నాయి. తెలుగురా! 'నిశ్శబ్దముగా నుండవలెను.'

నాకు ఒళ్ళు జలదరించిందంటే నమ్ము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వచ్చిందాకా మనం మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లాయే కదా, ఆ అక్షరాలు అంతకు ముందువే అయ్యుంటాయి. తర్వాత 1992లో గజపతి జిల్లా కూడా అయ్యాం, గోడ మాత్రం ఉన్నచోటే ఉంది.

నవ్వొచ్చింది కూడా. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరి, కొండల్లో ఉండే సవర గిరిజనులతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, ఆనక వాడుక తెలుగు కోసం అంత పోట్లాడిన గిడుగు వారు ఆ 'నుండవలెను' చూసుంటే ఎర్రసిరాతో కొట్టీసి 'ఉండాలి' అని దిద్దీవారు.

పెయింటరు ఒడియా కుర్రాడు, ఏం రాసుందని అడిగితే చదివి చెప్పాను. పక్కనున్న మావాడిని నువ్వు చదువురా అన్నాను. వాడు 'ని' దగ్గరే ఆగిపోయాడు. ఇంట్లో పొద్దస్తమానం తెలుగులోనే వాగుతాడు కదా, అక్షరాలు ఎవరు నేర్పారు... నేనా? మా అమ్మ నాకు బియ్యంలో రాయించింది, నేను వీడికి... సరే పోనీలే.

గంట ఇంకా అక్కడే వేలాడుతోంది! నువ్వు పదకొండింటికే లాంగ్ బెల్ కొట్టీసిన రైలు పట్టా ముక్కే. 1900లో నౌపడ నుంచి వేసిన చిన్నరైలుదేనని మా నాన్న ఇప్పటికీ వాదిస్తాడు, 2011లో ఆ లైను బ్రాడ్‌గేజ్ అయిపోయింది, ముక్క మనకి మిగిలింది. నేనూ ఒకసారి కొట్టాను, హెడ్మాస్టారు బయటికొచ్చారు, పారిపోవాలనిపించింది, ఈ వయసులో.

అన్నట్టు వెనక తలుపుమీద కంపాస్ ముల్లుతో నువ్వు చెక్కిన సగం పేరు కూడా ఉంది. మిగతా సగం ఎందుకు ఆగిందో పకోడీ మాస్టార్ని అడుగు.

సోమవారం ప్రైమర్ కొట్టీస్తారట. ఆ తెలుగు అక్షరాలున్న గోడ ముక్క వరకు వదిలీమని హెడ్మాస్టార్ని అడుగుదామా అని... అడిగితే ఒడియా అక్షరాలు కూడా మళ్ళీ రాయించమనాలి కదా, లేపోతే బావోదు. నువ్వేమంటావు? ఫోన్ చెయ్యి, ఆదివారం లోపే...

అయ్యో గుణుపూర్ ప్యాసింజర్ టైమైపోయింది, మామయ్య దిగుతున్నాడు, బండి తాళాలు కనబడ్డంలే