కందిరీగల గూటిలో మగ రాజు ఉండడు

సంపాదకుడు గారికి,

బడి సన్‌షేడ్ కింద కందిరీగల గూడు కాల్చిన వార్త మీ జిల్లా పేజీలో వచ్చి వారం దాటింది. ఎవరైనా సవరణ పంపుతారేమో అని చూశాను. ఎవరూ పట్టించుకోలేదు. గూట్లో అన్నిటికంటే పెద్దది మగదట, అదే రాజట, దాన్ని చంపితే మిగతావి పారిపోతాయట! ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, ఇది చదివి ఊరుకోలేకపోయాను.

గూడు కట్టేవీ, పిల్లల్ని సాకేవీ, కుట్టేవీ ఆడవే. మగదానికి కుట్టే కొండి ఉండనే ఉండదు. ఒక ఆడదో, నాలుగైదు కలిసో ఎండుకట్టెను గీకి, ఆ పీచును ఉమ్మితో నమిలి గూడు మొదలుపెడతాయి. వాటిలో పెద్దరికం ఎలా తేలుతుందో ఇటలీ శాస్త్రవేత్త లియో పార్డి 1940లలోనే గమనించి రాశారు. పైచేయి అయినది గుడ్లు పెడుతుంది, కిందివి పెట్టినా తినేస్తుంది. ఒళ్లు పెద్దదైతే కొన్ని జాతుల్లో కలిసొస్తుంది, కానీ అండాశయం ఎంత ఎదిగిందన్నదీ ముఖ్యమే. మన దేశపు రోపాలిడియా మార్జినేటా అనే కందిరీగ జాతి మీద బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో శాస్త్రవేత్త రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలు పనిచేశారు. ఆ జాతిలో గుడ్లు పెట్టే రాణి ఎవరి మీదకీ పోదు, నెమ్మదిగా ఉంటుంది. దాన్ని తీసేస్తే మిగతావి చెదిరిపోవు, వాటిలో ఒకటి రెచ్చిపోయి, కొన్నాళ్లకు తానే రాణి అవుతుంది. అది ఏదవుతుందో సైజు చూసి ముందే చెప్పలేం.

మా వరండా దూలానికి ఒక గూడుంది. ఒకటి ఇంకోదాని మీదికెక్కి మీసాలతో టపటపా కొడుతుంది. కిందిది తల వంచి ఒదిగిపోతుంది. కాసేపటికి అదే పోయి పచ్చపురుగును నమిలి ఉండ చేసి పట్టుకొస్తుంది. టంగుటూరు, కొండపి రైతులు పొగాకు లద్దె పురుగుకు ఎన్ని మందులు కొడుతున్నారో అందరికీ తెలుసు. పురుగుల్ని ఏరి తినే ఈ జీవాల్ని మాత్రం చూస్తూ చూస్తూ పెట్రోలు పోసి కాలుస్తాం.

అసలు కాల్చింది ఎప్పుడు? పట్టపగలు, పిల్లలు క్లాసుల్లో ఉండగా. కుట్టించుకున్నది పిల్లలే. అలర్జీ ఉన్న పిల్లాడికి ఒక్క కాటే ప్రాణం మీదికి తేవచ్చు, ఆ మాత్రం ఆలోచన ఆర్డరిచ్చినవారికి లేదా? బడుల్లో సైన్సు నేర్పుదామంటే మైక్రోస్కోపులు బీరువాల్లో తాళాల వెనక పడి ఉన్నాయి, ల్యాబ్ అసిస్టెంటు పోస్టు ఏళ్లుగా ఖాళీ. అడిగితే ఫైలు పైన ఉందంటారు. విలేకరులైనా రాసేముందు ఒక సైన్సు టీచర్ని అడగకూడదా? ఒకప్పుడు పత్రికల్లో ఈ మాత్రం సరిచూసేవాళ్లు ఉండేవాళ్లు.

తప్పును అదే పేజీలో సరిచేయండి. గుమ్మం మీద, పిల్లలు తిరిగేచోట ఉన్న గూళ్లను తెలిసినవారి చేత చీకటి పడ్డాక, పిల్లలెవరూ లేనప్పుడు తీయించాలనీ, ఎత్తున ఉన్నవాటి జోలికి పోవద్దనీ అధికారులు బడులకు రాతపూర్వకంగా చెప్పాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచరు,
టంగుటూరు, ప్రకాశం జిల్లా