పేటెంటు ఒక్కటే ఇస్తే స్టార్టప్ నిలబడదు

శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

ప్రజాధనంతో నడిచే ప్రయోగశాలల్లోని ఆవిష్కరణలు స్టార్టప్‌ల ద్వారా జనంలోకి రావాలన్నది మీ కోరిక, మా కోరిక కూడా. ప్రయోగశాలలు స్టార్టప్‌లకు పేటెంటు వాడుకునే హక్కులిచ్చే లైసెన్సు ఒప్పందాలు ఇప్పుడున్న తీరులో ఉంటే అది జరగదు.

పేటెంటులో పద్ధతి ఉంటుంది, పనితనం ఉండదు. బీకరులో 100 మిల్లీలీటర్లకు చక్కగా కుదిరిన రసాయన చర్య 100 లీటర్ల రియాక్టరులో తరచూ చెడిపోతుంది. ఆకారం అదే ఉంచి ఘనపరిమాణం వెయ్యి రెట్లు పెంచితే, వేడి బయటికి పోయే ఉపరితలం వంద రెట్లే పెరుగుతుంది. లోపల వేడి పేరుకుపోతుంది. ఎంత నెమ్మదిగా పోయాలో, ఏ బ్యాచ్ ఎందుకు పాడైందో పరిశోధకుడికే తెలుసు. ఆయన తోడు లేకపోతే స్టార్టప్ ఆ తప్పులన్నీ సొంత డబ్బుతో మళ్లీ చేస్తుంది. అందుకే ఉద్యోగం పోదన్న హామీతో ఆయనకు రెండేళ్ల సెలవు, ల్యాబు పరికరాలను గంటల లెక్కన అద్దెకు వాడుకునే హక్కు ఒప్పందంలోనే రాయండి. కంపెనీలో ఆయనకు వాటా ఉంటే, దానికి సంబంధించిన నిర్ణయాల మీద ల్యాబు తరఫున సంతకం వేరొకరు పెట్టాలి.

ముందస్తు రుసుము అడగకండి. తొలి నమూనాకు దాచుకున్న సొమ్ము దానికే పోతుంది. బదులుగా షేర్లు తీసుకోవచ్చు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వెబ్ పేజీలకు వరుస ఇచ్చే పేజ్‌ర్యాంక్ పద్ధతి హక్కులిచ్చి గూగుల్ నుంచి సుమారు 18 లక్షల షేర్లు తీసుకుంది, వాటిని అమ్మితే 33.6 కోట్ల డాలర్లు వచ్చాయి. అంతటి రాబడి చాలా అరుదు, దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయకూడదు.

ఒక్కరికే చెందే ప్రత్యేక హక్కులు ఏ వాడకానికి అడిగారో దానికే ఇవ్వండి. నమూనాకు, తొలి అమ్మకానికి గడువులు పెట్టి, తప్పితే హక్కులు వెనక్కి తీసుకోండి. గడువు లేని హక్కును కొని అటకెక్కించేవాళ్లూ ఉన్నారు. అందరికీ పనికొచ్చే మూల పద్ధతి అయితే ఒక్కరికే కట్టబెట్టవద్దు. వేర్వేరు జీవుల డీఎన్‌ఏ ముక్కలను కలిపే జన్యు సంయోజన పద్ధతి మీద కోహెన్, బోయర్ అనే శాస్త్రవేత్తల పేటెంట్లను వందలాది కంపెనీలకు ఇచ్చారు.

పరిశోధకుల నియామక పత్రాల్లో ఒక్క మాట సరిచూడండి. ఆవిష్కరణ హక్కులు ప్రయోగశాలకు ‘బదలాయించడానికి అంగీకరిస్తున్నాను’ అంటే అది రేపటి మాట. ‘ఇందుమూలంగా బదలాయిస్తున్నాను’ అని ఉండాలి. ఈ తేడా వల్లే అమెరికాలో రోష్ కంపెనీతో పేటెంటు వివాదంలో స్టాన్‌ఫర్డ్ అప్పీలు కోర్టులో ఓడిపోయింది, 2011లో సుప్రీంకోర్టులోనూ గెలవలేదు.

ఇవన్నీ ఒక నమూనా ఒప్పందంగా అచ్చువేసి ప్రతి ప్రయోగశాలకూ పంపండి. బేరసారాలు ఏడాది సాగితే, సంతకాలయ్యేనాటికి జీతాలిచ్చే డబ్బు స్టార్టప్ దగ్గర మిగలదు.

ఇట్లు,
సాంకేతికత బదిలీ పనిలో ఉన్న కొందరం