40 జీఎస్‌ఎం అని రాసి 26 పంపారు: డెంటల్ గౌన్లు, బిబ్‌లపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీరు పంపిన డిస్పోజబుల్ గౌన్లు, పేషెంట్ ఛాతీ మీద కప్పే బిబ్‌లు లేబుల్ మీద రాసిన రకం కాకపోవడం గురించి.

అయ్యా,

తెనాలిలో రెండు కుర్చీల డెంటల్ క్లినిక్ నడుపుతున్నాను. పోయిన నెల మీ దగ్గర 200 గౌన్లు, 1,000 బిబ్‌లు తెప్పించుకున్నాను. గౌను ప్యాకెట్ మీద ‘ఎస్‌ఎంఎస్, 40 జీఎస్‌ఎం, తడి లోపలికి దిగదు’ అని ఉంది. ఎస్‌ఎంఎస్ అంటే మధ్యలో మెల్ట్‌బ్లోన్ పొర ఉన్న మూడు పొరల గుడ్డ, 40 జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకు 40 గ్రాముల బరువు. బిబ్‌ల పెట్టె మీద రెండు పొరల టిష్యూ, కింద ఒక పొర ప్లాస్టిక్ అని ఉంది.

ముందు గౌను సంగతి. మొదటిరోజే స్కేలింగ్ (పళ్ల గార తీయడం) అయ్యాక మా అసిస్టెంట్ అమ్మాయి గౌను విప్పితే లోపల చుడీదార్ ఛాతీ దగ్గర, ముంజేతుల మీద తడిసి ఉంది. చెమటేమో అనుకున్నాం, మా ఊరి ఉక్క అలాంటిది. మర్నాడు నాకూ అదే జరిగింది. అప్పుడు గౌను బల్ల మీద పరిచి, కింద పేపర్ న్యాప్‌కిన్ పెట్టి, పైన చెంచాడు నీళ్లు పోశాను. న్యాప్‌కిన్ తడిసిపోయింది. పాత స్టాకులో వేరే కంపెనీ గౌను ఒకటి మిగిలితే దాని మీదా పోసి చూశాను, కింద పొడిగానే ఉంది.

అంతటితో ఊరుకోలేదు. మీ గౌనులోంచి 10 సెంటీమీటర్ల చదరపు ముక్కలు పది కత్తిరించి మా వీధి చివర బంగారం కొట్లో తూకం వేయించాను. 40 జీఎస్‌ఎం అయితే పదీ కలిపి 4 గ్రాములు తూగాలి. 2.6 తూగాయి. ‘డాక్టరుగారూ, తరుగు ఎంత వేసుకోమంటారు?’ అని కొట్టాయన నవ్వాడు. అంచు దగ్గర పొరలు విడదీస్తే మధ్యలో ఉండాల్సిన మెల్ట్‌బ్లోన్ పొరే కనపడలేదు. తడిని ఆపేది ఆ పొరే కదా!

ఫోన్ చేస్తే మీ ఎగ్జిక్యూటివ్, ‘డెంటల్‌కి ఇది చాలు మేడం, మీరేమన్నా పెద్ద ఆపరేషన్లు చేస్తారా?’ అన్నాడు. సరుకు కన్నా ఆ మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. పన్ను తొలిచే ఎయిరోటర్ నిమిషానికి 3 లక్షల చుట్లకు పైగా తిరుగుతుంది. పన్ను వేడెక్కకుండా నీళ్లు చిమ్ముతూనే ఉండాలి. నోట్లోంచి నీళ్లు లాగే సక్షన్ ఎంత పెట్టినా ఆ నీళ్లు ఉమ్మితో, రక్తంతో కలిసి మా మీద పడతాయి. పొద్దున్నుంచి రాత్రిదాకా మా పనంతా తుంపరలోనే. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా వారం రోజులు బతకగలదు. ఆ చుడీదార్‌తోనే మా అమ్మాయి బస్సెక్కి ఇంటికెళ్లి పిల్లాణ్ణి ఎత్తుకుంటుంది.

ఇక బిబ్‌లు. రూట్ కెనాల్‌లో కాలువలు కడగడానికి హైపో వాడతాం, అంటే బ్లీచే. సాయంత్రం పెళ్లి ఉందని తయారై వచ్చినావిడకు చేస్తుండగా సిరంజిలోంచి రెండు చుక్కలు బిబ్ మీద పడ్డాయి. అడుగున ప్లాస్టిక్ ఉంటే అక్కడే ఆగేవి. లేదు కాబట్టి ఆవిడ ఆకుపచ్చ మంగళగిరి నేత చీర మీద రెండు తెల్ల మచ్చలు తేలాయి. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు, నాకే తల కొట్టేసినట్టయింది. చీర ఖరీదు 2,800 రూపాయలు నేనే బలవంతంగా చేతిలో పెట్టాను.

మిగిలిన 169 గౌన్లకు, వాడని బిబ్‌లకు డబ్బు వాపసు ఇవ్వండి, చీర డబ్బు కూడా. బదులు సరుకు వద్దు. ఈ బ్యాచ్‌కి సర్జికల్ గౌన్ల భారత ప్రమాణం ఐఎస్ 17334 ప్రకారం చేయించిన టెస్ట్ రిపోర్టు ఉంటే పంపండి. ఇదే బ్యాచ్ ఇంకా ఏ క్లినిక్‌లకు వెళ్లిందో వాళ్లకు మీరే ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు కూడా చెమటే అనుకుంటూ ఉండొచ్చు. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

బిల్లు, లేబుళ్ల ఫొటోలు, తూకం చీటీ జత చేశాను. పెట్టెలు కట్టి ఉంచాను. ఆదివారం తప్ప ఎప్పుడైనా మీ మనిషిని పంపి తీసుకెళ్లండి, రవాణా ఖర్చు మీదే.

ఇట్లు,
క్లినిక్ నిర్వాహకురాలు,
తెనాలి