పిన్ మార్చని ఫోన్లే వాళ్లకు వార్తలు

సంపాదకులకు,

బ్రిటన్ టాబ్లాయిడ్లు (సంచలన వార్తల చిన్న సైజు పత్రికలు) చితికిపోవడానికి సెల్‌ఫోనే కారణమంటే సగమే నిజం. 1843లో పుట్టిన 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' అనే టాబ్లాయిడ్ 2011 జులై 10న మూతపడింది తన మనుషులు చేసిన వాయిస్‌మెయిల్ (ఫోన్ ఎత్తనప్పుడు రికార్డయ్యే సందేశాలు) దొంగతనాలతో. పద్ధతి చవకబారుదే: ఒకరు లైన్ బిజీగా ఉంచితే, రెండోవారి కాల్ వాయిస్‌మెయిల్‌కు పోతుంది, కంపెనీ ఇచ్చిన పిన్‌ను మార్చేవాళ్లు తక్కువ, అది కొడితే సందేశాలన్నీ వినబడతాయి. హత్యకు గురైన పదమూడేళ్ల పిల్ల ఫోన్‌నీ వదల్లేదని బయటపడ్డాక ప్రకటనలిచ్చేవాళ్లు జారుకున్నారు.

'సన్' అనే మరో టాబ్లాయిడ్ సంగతి వేరు. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియం తొక్కిసలాటకు 97 మంది బలైతే, పోలీసుల మాట నమ్మి లివర్‌పూల్ జట్టు అభిమానులనే తప్పుపట్టింది. లివర్‌పూల్‌లో చాలామంది నేటికీ ఆ పేపరు ముట్టరు.

మన కోనసీమ జిల్లా పేజీల్లోనూ ఆత్మహత్యల వార్తలు ఒక్క పోలీసు స్టేషన్ మాట మీదే, ఇంటిపేరుతో సహా అచ్చవుతున్నాయి. ఇంటివాళ్లనూ అడిగి రాయించండి.

– కొందరు మాజీ సబ్‌ఎడిటర్లు, అమలాపురం