బ్రౌనీని తీసుకొచ్చే ముందు ఇది చదువు బావా

సిరొంచ దగ్గర,
ఏప్రిల్ మొదటి వారం

బావా,

నీ ఉత్తరం అందింది. పిల్లల పరీక్షలు అయిపోగానే వస్తామన్నావు కదా, అప్పటి నుంచి ఇంట్లో అదే మాట. మీ చెల్లెలు అప్పుడే అటక మీది పెద్ద గిన్నెలు దింపించింది. కానీ చివర్లో ఒక మాట రాశావు చూడు, "బ్రౌనీ అపార్ట్‌మెంట్‌లో మగ్గిపోతోంది, మీ అడవిలో నాలుగు రోజులు హాయిగా వదిలేద్దాం" అని. ఈ ఉత్తరమంతా దాని గురించే. మీ కుక్కని తప్పకుండా తీసుకురా. వదిలేయడం మాత్రం కుదరదు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

2022లో ప్రాణహిత పుష్కరాలకి నువ్వు వచ్చినప్పుడు మా కుక్క మోతీ ఇంకా పిల్ల. నీ చెప్పు ఎత్తుకెళ్లి మిరప చేలో దాచింది, గుర్తుందా? మోతీ ఇప్పుడు లేదు బావా. ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు.

పోయిన శ్రావణమాసంలో చేలోకి అడవిపందులు పడుతున్నాయని మోతీని రాత్రిళ్లు వాకిట్లో వేపచెట్టుకి గొలుసేసి కట్టేవాణ్ణి. అరుస్తుంది కదా, కాపలా ఉంటుంది అనుకున్నాను. ఆ రాత్రి పెద్ద వాన. ఒక్క అరుపు కూడా వినపడలేదు. తెల్లారి లేచి చూస్తే గొలుసు బురదలో అడవి వైపు బారుగా చాచి పడి ఉంది. కొసనున్న కొక్కెం సాగిపోయి మేకులా అయింది. బెల్టు చేను గట్టు మీద దొరికింది, తోలు రెండు చోట్ల చీలి ఉంది. ఫారెస్ట్ గార్డు వచ్చి, వాన తగ్గాక పడ్డ అడుగుల పక్కన కూర్చుని చూపించాడు. కుక్క అడుగైతే ముందు గోళ్ల గుర్తులు పడతాయి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి నాలుగు వేళ్లు, వెనక మెత్త, అంతే. దాని మీద చెయ్యి పెట్టి చూశాను. నా అరచేతిలో ఇమిడిపోయింది. అంత చిన్న అడుగు.

చిరుత మీద నాకు కోపం లేదు. ఊళ్ల పక్కన బతికే చిరుతకి కుక్క ఎప్పుడూ ఆహారమే. కట్టేసిన కుక్క పారిపోనూ లేదు, ఎదురు తిరగనూ లేదు. కట్టింది నేను. అదే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

ఆ బాధలో మా రెండో కుక్క చుక్కని అసలు కట్టడమే మానేశాను. వదిలేస్తే కనీసం పరిగెత్తైనా బతుకుతుందని. అది ఇంకో తప్పు. సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకి ఒక పొద్దున చుక్క మూతినిండా రక్తంతో వచ్చింది. తోక ఊపుతూ, నన్నే చూస్తూ, మెచ్చుకుంటానేమోనని. దాని వెంబడే వెళ్లాను. వాగు ఇవతల గడ్డిలో దుప్పి పిల్ల, నాలుగైదు రోజులది ఉంటుందేమో, వీపు మీద చుక్కలు ఇంకా తడిగా మెరుస్తున్నాయి. ఊరకుక్కలు మూడు దాని చుట్టూ ఉన్నాయి. వాగు అవతల తల్లి ముందుకాలు నేలకి కొడుతూ అరుస్తోంది. దుప్పి తల్లి పిల్లని గడ్డిలో దాచి మేతకి పోతుంది బావా. పిల్ల కిక్కురుమనకుండా ముడుచుకుని పడుకుంటుంది, అదే దాని రక్ష. కుక్క ముక్కు ముందు ఆ రక్ష పనిచెయ్యలేదు. చుక్కని నేను తిట్టలేదు. రోజూ నా చేత్తో ఇంత అన్నం తినే కుక్క, దానికి ఆకలి కూడా లేదు.

పశువుల డాక్టరు గారికి ఈ సంగతి చెబితే ఆయన ఇంకో మాట చెప్పారు. కుక్కల్లో డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు ఉంటుంది, అది పిల్లి జాతికి కూడా అంటుకుంటుంది. 1994లో ఆఫ్రికాలో సెరెంగెటి సింహాల్లో దాదాపు మూడో వంతు దాంతో పోయాయట. 2018లో మన గుజరాత్ గిర్‌లో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోతే, వాటిలో కొన్నింటికి ఇదే వైరస్ ఉన్నట్టు తేలింది. మోతీకి ఆ టీకా వేయించలేదు నేను. రేబిస్‌ది ఒకటే వేయించి సరిపెట్టుకున్నాను. చిరుత కుక్కని తింటే కుక్క జబ్బు కూడా దానికే కదా పోయేది. మర్నాడే ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాల వెళ్లాను. టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి, అందుకని ఐసు నింపిన ఫ్లాస్కులో పెట్టుకుని, ఎండలో ఎక్కడా ఆగకుండా తెచ్చాను. చుక్కకే కాదు, ఆ మూడు ఊరకుక్కలకి కూడా వేయించాం. వాటిని పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు చీకటి పడితే చుక్క ఇంట్లోనే. పాత గాదె గదికి ఇనుప జాలీ తలుపు పెట్టించాను. పగలు చేనుకి వస్తుంది, తాడు నా చేతిలోనే. పందుల కోసం చేను చుట్టూ పాత చీరలు కట్టి, గట్టు మీద లైటు పెట్టాను. పూర్తిగా ఆగడం లేదు, కొంత మిరప పోతోంది. పోనీ.

ఇంకొకటి, ఇది నీకు చాలా ముఖ్యం. ఇక్కడ ఇది ఇప్పపూల కాలం. తెల్లవారుజామున చెట్ల కింద పూలు రాలి ఉంటాయి, వాటికోసం ఎలుగుబంట్లు వస్తాయి. తాడు లేని కుక్క ఎలుగుని చూస్తే మీదికి పోయి మొరుగుతుంది, అది తిరగబడగానే పరిగెత్తుకుంటూ యజమాని దగ్గరికే వస్తుంది. వెనకే ఎలుగు. కాబట్టి పొద్దున్నే పిల్లల్ని, బ్రౌనీని తీసుకుని వాకింగ్ అని బయల్దేరొద్దు. ఎండ వచ్చాక నేనే తీసుకెళ్తాను. కమలాపూర్ ఏనుగుల క్యాంపు కూడా పిల్లలకి చూపిద్దాం. ఆ రోజు బ్రౌనీ, చుక్క మీ చెల్లెలి దగ్గర ఉంటాయి.

బ్రౌనీ టీకాల కార్డు ఒకసారి చూడు. డిస్టెంపర్, రేబిస్ రెండిట్లో ఏది గడువు దాటినా బయల్దేరడానికి రెండు మూడు వారాల ముందే వేయించు. ఇక్కడ పిడుదులు ఎక్కువ, వాటికి మందు కూడా అడుగు. వెలుతురు ఉండగానే ఇల్లు చేరేలా బయల్దేరండి.

వచ్చేటప్పుడు చుక్కకి ఒక మెత్తటి తోలు బెల్టు తీసుకురా, మెడ పద్దెనిమిది అంగుళాలు. మోతీది కుట్టించి మేకుకి తగిలించాను గానీ, చుక్క మెడకి పెట్టబోతే నా చేతులు రావడం లేదు.

ఇట్లు,
నీ బావ