వార్షిక నివేదిక: పాత బెయిట్‌కాస్టింగ్ రీళ్ళ కొనుగోలు, మరమ్మతు విభాగం

సభ్యులందరికీ నమస్కారం. చందాలు, జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపుతున్నారు కనుక ఇందులో రీళ్ళ సంగతే ఉంటుంది. బెయిట్‌కాస్టింగ్ రీల్ అంటే చేపలు పట్టే రాడ్‌కి బిగించే చక్రం; ఎర విసిరినప్పుడు అది తిరుగుతూ లైన్‌ని (దారాన్ని) వదులుతుంది.

డాలస్ చుట్టుపక్కల గరాజ్ సేల్స్‌లోనూ, ఆన్‌లైన్ వేలాల్లోనూ సభ్యులు కొని తెచ్చినవాటిలో ఈ ఏడాది కూడా స్వీడన్‌లోని స్వెంగ్‌స్టాలో తయారైన ఆబు కంపెనీ అంబాసడర్ రీళ్ళదే పెద్ద వాటా. 1952లో మార్కెట్లోకి వచ్చిన ఎర్ర 5000 మోడల్ మొదలుకుని 1970లనాటి 5500సి, 6500సి దాకా బల్ల మీదికి వచ్చాయి. జపాన్ రీళ్ళు కొన్ని వచ్చినా వాటికి విడిభాగాలు దొరకడం కష్టం. కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్ళు అంబాసడర్‌తోనే మొదలుపెట్టాలి.

కొనేటప్పుడు

మెరిసే రీల్ కన్నా మురికి రీల్ మేలు. మురికి కడిగితే పోతుంది. మెరుగు చక్రం మీద పెట్టి రుద్దితే ఫ్రేము మీది క్రోము అరిగి ఇత్తడి బయటపడుతుంది, పక్క ప్లేట్ల రంగు వెలిసిపోతుంది. ఆ పూతలు ఇంట్లో తిరిగి రావు. అమ్మేవాళ్ళు ‘బాగా పనిచేస్తుంది’ అని రాస్తే, హ్యాండిల్ తిరుగుతోంది అని మాత్రమే అర్థం చేసుకోండి. ఫుట్ (రాడ్‌కి బిగించే పాదం) అడుగుభాగం, స్పూల్ (లైన్ చుట్టుకునే భాగం) అంచులు, లైన్ గైడ్ (లైన్‌ని అటూ ఇటూ నడిపి సమంగా చుట్టించేది) వెనకున్న వార్మ్ షాఫ్ట్ (మెలి గాడులున్న కడ్డీ), స్క్రూల తలలు: వీటి ఫొటోలు అడగండి. స్క్రూ గాడులు చెదిరి ఉంటే ఎవరో సరిపడని స్క్రూడ్రైవర్‌తో ముందే విప్పారన్నమాట. అలాంటిదాంట్లో ఏదో ఒక స్ప్రింగు ఉండదు.

1970ల మధ్య నుంచి వచ్చినవాటి ఫుట్ మీద ఆరంకెల నంబరు ఉంటుంది. 780300 అంటే 1978 మార్చి. చివరి రెండంకెలు ఆ మోడల్లో చేసిన మార్పుని చెబుతాయి. ‘5500సికి గేరు కావాలి’ అని ఆర్డరిస్తే సరిపోనిది రావచ్చు, ఎందుకంటే పేరు అదే అయినా లోపలి భాగాలు మారుతూ వచ్చాయి. మోడల్ పేరుతో పాటు ఈ నంబరూ ఇవ్వండి. రాడ్ సీటులో పట్టించడానికి ఫుట్‌ని ఆకురాయితో అరగదీసినవి చాలానే కనిపిస్తాయి. చేపలు పట్టడానికైతే ఫరవాలేదు, సేకరణకైతే వద్దు.

సముద్రతీరంలోని గాల్వెస్టన్, పోర్ట్ అరాన్సస్ వైపు నుంచి వచ్చే రీళ్ళతో జాగ్రత్త. పాత లైన్ చుట్ల కింద ఉప్పు ఇరుక్కుని స్పూల్ అల్యూమినియాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. లైన్ తీసేసి ఫొటో పంపనంటే ఆ బేరం వదులుకోవడమే.

విప్పడం, శుభ్రం చేయడం

హ్యాండిల్ వైపున్న మూడు గరుకు స్క్రూలు చేత్తో వదులు చేస్తే ప్లేటు, స్పూల్ బయటికొస్తాయి. హ్యాండిల్ నట్‌కి 10 మి.మీ. స్పానర్ వాడండి, కటింగ్ ప్లయర్ వద్దు. అన్నిటికన్నా ఎక్కువగా పోయేవి యోక్‌ని (పినియన్ అనే చిన్న గేరుని ముందుకీ వెనక్కీ జరిపే ముక్కని) నొక్కి ఉంచే రెండు చిన్న స్ప్రింగులు. పెద్ద పారదర్శకపు జిప్ సంచిలో చేతులు పెట్టి విప్పితే అవి ఎగిరినా సంచిలోనే ఉంటాయి. ఒక్కో పొర తీసే ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి.

బిగుసుకుపోయిన రీళ్ళలో ఎక్కువవాటికి జబ్బు ఒకటే: పాత నూనె బంకగా గడ్డకట్టడం. డబ్ల్యూడీ-40 కొడితే ఆ పూటకి వదులవుతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ పట్టేస్తుంది. స్పూల్ బేరింగులని లైటర్ ఫ్లూయిడ్‌లో నానబెట్టి, ఆరనిచ్చి, ఒక్కోదానికి ఒక్క చుక్క పలచని నూనె వేస్తే చాలు. ఈ పని కిటికీలు తెరిచి, నిప్పుకి దూరంగా చేయాలి. 5500సి, 6500సిలకి బేరింగు కొలత 3×10×4 మి.మీ. ఇత్తడి మీది పచ్చ చిలుముకి సగం నీళ్ళు కలిపిన తెల్ల వెనిగర్‌లో కొద్ది నిమిషాలు ఉంచి, కడిగి, వెంటనే తుడవండి. అల్యూమినియం, స్టీలు భాగాలు అందులో వేయకూడదు.

లైన్ గైడ్

ఈ ఏడాది ఎక్కువ ఫిర్యాదులు దీని మీదే. గైడ్ ఒక చివరికి వెళ్ళి అక్కడే ఆగిపోతుంది, లైన్ అంతా ఒకే చోట గుట్టపడుతుంది. కారణం పాల్ అనే చిన్న ముక్క. దాని కొన వార్మ్ షాఫ్ట్ గాడిలో నడుస్తూ, చివరికి రాగానే వెనక్కి తిరగాలి. కొన అరిగి కత్తి అంచులా పలచబడితే ఆ మలుపు తీసుకోలేదు. భూతద్దంలో చూస్తే ఇట్టే తెలుస్తుంది. పాల్ చవక కాబట్టి అదొక్కటే మార్చేస్తుంటారు. కానీ వార్మ్ గాడులు ఒకదాన్నొకటి దాటే చోట అంచులు విరిగి ఉంటే కొత్త పాల్ కూడా త్వరగానే అరుగుతుంది. అప్పుడు రెండూ కలిపి మార్చాలి. వార్మ్‌కి గ్రీజు పెట్టొద్దు, ఇసుక పట్టేస్తుంది. ఒక చుక్క నూనె చాలు.

డ్రాగ్, బ్రేకులు

డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు తెగకుండా లైన్‌ని జారనిచ్చే పట్టు. పాత డ్రాగ్ వాషర్ల బదులు కార్బన్‌వి వేసి, వాటికి డ్రాగ్ గ్రీజు పలచగా పూస్తున్నాం. మెయిన్ గేరులో ముందు రాపిడి వాషరు, దాని మీద లోహపుది, ఇలా ఒకదాని తర్వాత ఒకటి రావాలి. లోహపువాటిలో చెవులున్నవి గేరుతో తిరుగుతాయి, మిగిలినవి షాఫ్టుతో. ఈ వరుస తప్పితే డ్రాగ్ పట్టదు. 12 పౌండ్ల లైన్‌కి 3 నుంచి 4 పౌండ్ల దగ్గర జారేలా స్ప్రింగ్ త్రాసుతో సరిచూడండి.

విసిరినప్పుడు స్పూల్ వేగాన్ని అదుపు చేసేవి రెండు చిన్న బ్రేక్ దిమ్మెలు. అవి రుద్దుకునే రింగుకి నూనె అంటితే బ్రేకు పడదు, లైన్ చిక్కుపడుతుంది. ఒక దిమ్మె పోయిన రీల్‌కి రెండూ ఒకే రకంవి వేయాలి, లేకపోతే స్పూల్ అదురుతుంది.

బిగించాక, విసిరే ముందు స్పూల్‌ని వదిలించే బటన్ నొక్కినా స్పూల్ వదులు కాకపోతే, పినియన్ గాడిలో యోక్ కూర్చోలేదన్నమాట. వదులై మళ్ళీ పట్టకపోతే ఆ రెండు స్ప్రింగులే లేవు.

సెలవులకి ఇంటికి వెళ్తూ కొర్రమీను కోసం ఈ రీళ్ళు తీసుకెళ్ళే సభ్యులకి ఒక మాట: కప్ప ఎరతో ఆడేటప్పుడు 3.6:1 గేరున్న (హ్యాండిల్ ఒక చుట్టుకి స్పూల్ 3.6 చుట్లు తిరిగే) 5000 నెమ్మది, 4.7:1 ఉన్న 5500సి మేలు. బ్రెయిడ్ (పోగులు అల్లిన) లైన్ నేరుగా చుడితే నున్నటి స్పూల్ మీద మొత్తం గిర్రున జారుతుంది. ముందు కొన్ని చుట్లు నైలాన్ మోనో (ఒంటిపోగు లైన్) వేసి దానికి ముడి వేయండి.

వచ్చే ఏడాది పాల్‌లు, యోక్ స్ప్రింగులు, కార్బన్ వాషర్లు సంఘం తరఫున ఒకేసారి తెప్పిస్తాం. కావలసినవాళ్ళు ఫుట్ నంబరు ఫొటోతో సహా కార్యదర్శికి పంపాలి. నంబరు లేని ఆర్డర్లు తీసుకోం.